రాజా దీనదయాళు: సికింద్రాబాదు ఛాయాచిత్రకారుని జీవితము

మన గ్రామములలో ఛాయాచిత్రము లేని యిల్లు నేడు కానరాదు. నట్టింటి గోడపై గతించిన పెద్దల పటము, దాని ప్రక్క పెండ్లిపటము, ఆ ప్రక్కనే బడిపిల్లల గుంపుపటము వ్రేలాడుచుండును. చేతిలోని ఫోనుతో చిన్నపిల్లలు సైతము నిమిషమునకు పదిపటములు తీయుచు, నచ్చనిదానిని మరుక్షణమే చెరిపివేయుచున్నారు. కాని చెడిన పటము గాజుపలకపై నిలిచి, తీసినవాని కన్నులయెదుటనుండి కదలక, ఆ గాజునకును మందులకును అయిన వ్యయమును గుర్తుచేయుచుండిన కాలమొకటి కలదు. ఆ కాలమున, ముప్పదియేండ్ల వయస్సున, పగలెల్ల కచేరీలో కొలువుచేయు ఉద్యోగి యొకడు ఈ విద్యను వినోదార్థము చేపట్టి, పండ్రెండేండ్లలో సికింద్రాబాదు చేరి, దేశమున మొదటి వరుసలోని ఛాయాచిత్రకారుడని పేరుపొందెను. ఆయనయే లాలా దీనదయాళు. రాజా దీనదయాళు అను పేరు తరువాత వచ్చినది.

గ్రంథాలయ కార్యవర్గమువారు ఈ రజతోత్సవ సంచికకు ఒక ప్రసిద్ధపురుషుని జీవితము వ్రాయుమని కోరినప్పుడు, కవులను, దేశనాయకులను విడిచి నేనీయననే యెంచుకొంటిని. వారి చరిత్రలు మన బీరువాలలో చాలినన్ని యున్నవి. దీనదయాళు రాజబిరుదము పొందెను గాని రాజవంశీయుడు కాడు. ఇటుకకింత, సున్నమునకింత, కూలికింత అని అంచనాలు వ్రాసి జీతము తీసికొన్నవాడు. అంకెలతో బ్రదుకు నాబోటివానికి ఆయనయందు అభిమానము కలుగుటకు ఇదియొక కారణమని దాచనేల?

ఆయన 1844వ సంవత్సరమున ఉత్తరదేశమందలి మీరటు నగరసమీపమున సర్ధానా అను ఊర జన్మించెను. ఒకప్పుడు బేగం సమ్రూ ఏలిన ఊరది. ఆయనది జైనకుటుంబము, రత్నములు, నగలు అమ్ముట వంశవృత్తి. రత్నమునందలి దోషమును వెదకుటకు అలవాటుపడిన కన్ను ఆ యింట తరతరములుగా నుండెననియు, అది పిమ్మట వేరొక పనికి అక్కరకు వచ్చెననియు నాకు తోచుచున్నది. ఇది నా ఊహయే. చదువరులు అంతవరకే గ్రహింతురు గాక.

కుమారుడు వంశవృత్తిని చేపట్టలేదు. 1862లో రూర్కీయందలి థామ్సన్ ఇంజనీరింగు కళాశాలలో చేరెను. గంగానదినుండి త్రవ్విన గొప్పకాలువ 1854లో ఆరంభమైనది. అట్టి పనులకు మనుష్యులను తయారుచేయుటకై 1847లో నెలకొల్పబడిన విద్యాలయమది. అచ్చట భూమిని కొలుచుట, కట్టడముల పటములు గీచుట, వ్యయమును అంచనా కట్టుట నేర్పుచుండిరి. కట్టడమును చూచినంతనే దాని యెత్తును, వెడల్పును, గోడ నిలువును కంటితో పట్టగల శిక్షణము ఇది. 1866లో చదువు ముగించి, ఇండోరులోని మరామతుశాఖవారి కచేరీలో అంచనాలు వేయువాడుగను, పటములు గీచువాడుగను కొలువు కుదిరెను. ఎనిమిదేండ్లు ఆ బల్లయొద్దనే గడచినవి. పెక్కుమంది ఉద్యోగుల కథ ఇచ్చటనే ముగియును. జీతము, పెరుగుదల, పింఛను అని మూడు మాటలలో చెప్పివేయవచ్చును.

1874లో, ఉద్యోగమును విడువకయే, దీనదయాళు కెమేరా పట్టెను. ఈ విద్య అప్పుడు ఎంత కష్టసాధ్యమో తెలియకున్నచో ఆయన గెలుపు ఎట్టిదో తెలియదు గనుక, ఇచ్చట కొంత నిలిచి చెప్పవలసియున్నది.

ఆంగ్లేయుడగు ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చరు 1851లో ప్రకటించిన తడిపలక పద్ధతియే ఆనాడు వ్యాప్తిలో నుండెను. ఆమ్లములలో నానవేసి ఎండబెట్టిన దూదిని ఈథరునందును ఆల్కహాలునందును కరిగించినచో తేనెవంటి జిగటద్రవము వచ్చును. దానికి కొల్లోడియన్ అని పేరు. దానిలో కొన్ని లవణములు కలిపి, శుభ్రముగా తుడిచిన గాజుపలకపై పోసి, నాలుగు మూలలకును సమముగా పారునట్లు చేతితో వంచుచు, మిగిలినదానిని మరల సీసాలోనికి ఒంపవలెను. పిమ్మట చీకటిగదిలో ఆ పలకను సిల్వర్ నైట్రేటు నీటిలో ముంచవలెను. అప్పుడది వెలుతురును గ్రహించు శక్తిని పొందును. తడి ఆరకముందే దానిని కెమేరాలో నుంచి, పటము తీసి, పరుగున చీకటిగదికి వచ్చి, అన్నభేది నీరు పోసి బొమ్మను బయటికి రప్పించి, హైపోతోనో అంతకంటె విషమయిన సయనైడుతోనో నిలువజేసి, కడిగి, ఆరబెట్టి, వార్నీషు పూయవలెను. చల్లని దేశమున ఈ పనికంతకును పది నిమిషముల గడువుండును. మన యెండలలో అంతయు నుండదు. ఈథరు మనుష్యదేహమునందలి వేడిమికే మరిగిపోవు ద్రవము. మాళవదేశపు వైశాఖమాసమున దానిని గాజుపై పోసినచో, మూలలకు పారకమునుపే నడుమ గడ్డకట్టి గీతలు పడును. అట్లు గీతలు పడిన పలక పనికిరాదు. గోకి, కడిగి, మరల మొదటినుండి ఆరంభింపవలసినదే.

నీటి సంగతి వేరొకటి. ఉప్పునీటి బావి గల ఊరివారికి ఇది సులభముగా బోధపడును. సిల్వర్ నైట్రేటులో ఉప్పు ఏమాత్రము తగిలినను పాలవలె విరిగి తెల్లని మడ్డి దిగును. అట్టి నీటితో కడిగిన పలకపై మబ్బువంటి పొర క్రమ్మును. ఇక దుమ్ము: బాటసారి నడచినను, ఎద్దు కాలు విదల్చినను లేచు ధూళి తడిపలకకు అంటుకొని, ఒక్కొక్క రేణువును తోకచుక్కవలె ఒక మచ్చను వదలును. పనివాని వ్రేళ్లు ఆ మందువలన నల్లబడి వారములకొలది మసి వదలకుండును. కచేరీలో తెల్లకాగితములపై గీతలు గీయవలసిన ఉద్యోగికి ఈ వ్రేళ్లతో కూర్చుండుట ఎంత ఇబ్బందియో ఊహింపుడు.

ఆ పలకకు రంగుల భేదము మన కన్నులకున్నట్లు తెలియదు. నీలిరంగు దానికి తెలుపు. ఎఱుపును పసుపును ఇంచుమించు నలుపు. కావున నిర్మలమైన ఆకాశము ఉత్త తెల్లకాగితమువలె వచ్చును; ఎఱ్ఱని తలపాగా నల్లని తలపాగా యగును. తెల్లని దుస్తులు ధరించిన మనవారిని గుంపుగా కూర్చుండబెట్టి పటము తీసినచో, దుస్తులకు సరిపోవు వెలుతురు ముఖములకు చాలదు; ముఖములకు చాలునంతవరకు ఆగినచో దుస్తులు మడతలు కానరాని తెల్లని ముద్దయగును. ఈ రెంటినడుమ ఎన్ని క్షణములు ఆగవలెనో ఆ దినపు ఎండను చూచి మనస్సులో లెక్కకట్టుటయే తప్ప వేరు సాధనము లేదు. అంచనాలు వేయువాడు కెమేరా వెనుకను అంచనాలే వేయుచుండెనని చెప్పవచ్చును. భేదమొక్కటే: కచేరీలో వేసిన అంచనా తప్పెనా ఒప్పెనా కట్టడము ముగిసినగాని తేలదు, ఇచ్చట పలక కడిగినంతనే తేలిపోవును.

శాకుంతల నాటకమునందు దుష్యంతుడు విరహమున శకుంతల చిత్రమును తానే వ్రాసి, దానిని చూచుకొనుచు, అందు ఇంకను ఏమేమి వ్రాయవలసియున్నదో చెప్పుకొనుట చదువరులెఱిగినదే. మాలినీనది ఇసుకతిన్నెలును, హంసలును, లేళ్లును ఇంకను చేరవలెను. కుంచె పట్టినవానికి ఆ సదుపాయము కలదు. లోపము కనబడినచోట మరల వ్రాయవచ్చును. కెమేరా పట్టినవానికి అది లేదు. చెట్టుకొమ్మ దేవాలయ శిఖరమునకు అడ్డుపడినచో మరల బండి కట్టుకొని, మరునాటి ప్రొద్దున అదే యెండ పడు గడియకు అచ్చటికే పోవలెను. పైగా ఆ కాలమున చిన్న నెగెటివునుండి పెద్ద పటము చేయు వాడుక అరుదు. పటమెంతయో పలకయు అంతయే. కెమేరాయు దానికి తగినంత పెట్టెయే. అద్దముపై బొమ్మ తలక్రిందుగా కానవచ్చును. నల్లగుడ్డ కప్పుకొని, ఆ తలక్రిందుల లోకములో స్తంభము నిలువుగా నున్నదో లేదో, అంచున ఏది తెగిపోయినదో చూచుకొనవలెను. ఎత్తైన గోపురమును పట్టుటకై కెమేరాను పైకి వంచినచో గోడలు రెండును లోపలికి వాలి, కట్టడము పడిపోవుచున్నట్లు కనబడును. సామాన్యుడు దీనిని గమనింపడు. ఇంజనీరుల కచేరీలో నిలువుగీతలు గీచినవాడు దీనిని సహింపలేడు. ఆ కచేరీలోని దొరలును సహింపరు. పెట్టెను వంపక ముందరి లెన్సును మాత్రము పైకి జరుపుట దీనికి మందు. దీనదయాళుని కట్టడముల పటములలో గోడలు నిటారుగా నిలిచియుండుట చూచునపుడు నాకు ఆయన పూర్వపు కొలువే జ్ఞప్తికి వచ్చును.

కడిగిన నెగెటివును గ్రుడ్డుసొన పూసిన కాగితముపై పెట్టి ఎండలో అచ్చువేయుచుండిరి. అహింసయే పరమధర్మమని నమ్ము జైనకుటుంబమున పుట్టినవానికి గ్రుడ్డుసొన కాగితముతో జీవనము! విద్య యెచ్చటినుండి యెచ్చటికి తీసికొనిపోవునో చిత్రము. అచ్చువేసిన పటమును హైపోలో నుంచి, ఆ హైపో లేశమైనను మిగులకుండ ఎక్కువసేపు పారునీటిలో కడుగవలెను. సోమరితనమున తొందరగా తీసినచో అప్పటికి బాగుగనే యుండును. కొన్నియేండ్లకు పచ్చబడి, ముఖములు మాసిపోవును. మా యింట మా తాతగారి పటమొకటి ఇట్లే పసుపుమచ్చలో కరిగిపోయినది. ఎవరు కడిగిరో గాని, తలపాగా మాత్రము మిగిలినది.

దీనదయాళునకు దారి చూపినవారు ఇరువురు. ఇండోరు మహారాజగు రెండవ తుకోజీరావు హోల్కరు ఆయన నేర్పును మెచ్చి మొదట ఆదరించెను. మధ్యభారతమున గవర్నరు జనరలు ప్రతినిధిగా నుండిన సర్ హెన్రీ డేలీకి ఆయనను ఎఱుకపరచినదియు ఈ ప్రభువేయని చెప్పుదురు. కెమేరా పట్టిన సంవత్సరముననే, వైస్రాయి నార్తుబ్రూకు ఇండోరు వచ్చినపుడు ఆ గోష్ఠిని పటము తీయు అవకాశము కలిగెను. ఆ వెనుక 1875–76లో వేల్సు రాకుమారుడు దేశసంచారము చేసినపుడును ఆయన పటములు తీసెను. నేర్చుకొనుచున్నవానికి ఇట్టి అవకాశము వరమును గండమును గూడ. రాకుమారుడు మరల కూర్చుండడు. పలక చెడినచో క్షమాపణకు తావులేదు. తన యింటి పెరటిలో పది పలకలు చెడగొట్టి నేర్చినది అచ్చట ఒక్క పలకపై చూపవలెను.

డేలీ వెళ్లిన పిమ్మట ఆ పదవికి వచ్చిన సర్ లెపెల్ గ్రిఫిన్ 1882లో బుందేలుఖండ సంచారమునకు దీనదయాళుని వెంటగొనిపోయెను. గ్వాలియరు, ఓర్ఛా, దతియా, ఖజురాహో, సాంచి మున్నగు ప్రాచీనస్థలముల పటములు ఆయన చేతమీదుగా వెలువడినవి. నాలుగేండ్లకు, 1886లో, గ్రిఫిన్ వాటిని చేర్చి మధ్యభారతపు ప్రసిద్ధకట్టడములను గూర్చి లండనులో ఒక పెద్దగ్రంథము ప్రకటించెను. అంతవరకు మన దేవాలయముల పటములు తీసి పుస్తకములకెక్కినవారిలో తెల్లవారే యెక్కువ. ఇచ్చట ఒక దేశీయ ఉద్యోగి చూచిన ఖజురాహో శిల్పము లండను పండితుల బల్లపైకి చేరినది. ఆ పండితులు ఊరక మెచ్చి పుట మడచువారు కారు. శాసనము చదువుటకు, శిల్పము కాలము నిర్ణయించుటకు ఆ పటముపైననే ఆధారపడువారు. ఏ మూల మసకబారినను వారికి తెలియును. రాజుల మెప్పుకంటె ఇట్టి కన్నుల పరీక్షయే ఆయన పనిని తీర్చిదిద్దెనని నా అభిప్రాయము. వెలుతురు ప్రక్కనుండి పడు వేళ చూచి తీసినచో చెక్కడపు లోతు తెలియును; నడిప్రొద్దున తీసినచో అంతయు చదునగును. ఆ వేళకై కాచుకొనియుండు ఓరిమి ఆయన పటములలో కానవచ్చును.

ఈ నడుమ విద్యయును మారెను. 1880 ప్రాంతమునకు జెలటిన్ పూసిన పొడిపలకలు అంగళ్లలో అమ్మకమునకు వచ్చినవి. చీకటిగుడారమును వెంట మోయవలసిన పని తప్పెను. ముందుగా తయారుచేసిన పలకను పెట్టెలో పెట్టుకొనిపోయి, పటము తీసి, ఇంటికి వచ్చి కడుగుకొనవచ్చును. క్షణములో సగమునకే బొమ్మ పడును గనుక నడచు గుఱ్ఱమును, కవాతుచేయు సైన్యమును పట్టవచ్చును. అయితే కొత్తదానితో కొత్తచిక్కులును వచ్చినవి. జెలటిన్ మన వేసవినీటిలో మెత్తబడి, ముడుతలు పడి, ఒక్కొక్కప్పుడు గాజునుండి తోలువలె ఊడివచ్చును. పటికనీట గట్టిపరచుట, తెల్లవారుజామున నీరు చల్లగా నున్నప్పుడు కడుగుట మున్నగు ఉపాయములను మన దేశపు పనివారందఱు అభ్యసింపవలసివచ్చెను. తడిపలకపై చేయి తిరిగినవారిలో పెక్కుమంది కొత్తదానిని నమ్మక వెనుకబడిరి. దీనదయాళు ఈ మార్పును దాటి వచ్చెను.

1885లో వైస్రాయి డఫరిన్ ఆయనను తన ఛాయాచిత్రకారునిగా నియమించెను. ఇక ఉద్యోగమా, విద్యయా అని తేల్చుకొనవలసిన సమయము వచ్చినది. నలువదియేండ్లు దాటినవాడు, ఇరువదియేండ్ల సర్కారు కొలువు, ఇద్దఱు కుమారులు. నెల తిరుగగనే వచ్చు జీతము ఒకవైపు. దొరల దయపైనను, గాజుపలకలపైనను ఆధారపడిన వ్యాపారము ఇంకొకవైపు. ఆయన తొందరపడలేదు. మొదట దీర్ఘమైన సెలవు పెట్టి, వ్యాపారము నిలుచునో లేదో చూచుకొని, 1887 నాటికిగాని ఉద్యోగమును పూర్తిగా వదలలేదు. దీనిని పిరికితనమని కొందఱనవచ్చును. నేననను. పదుమూడేండ్లు రెండు పనులను మోసి, మూడవది చేతికందిన పిమ్మట మొదటిదానిని వదలిన మనుష్యుడు లెక్క యెఱిగినవాడు.

సికింద్రాబాదు ఆయన జీవితమున 1886లో ప్రవేశించెను. ఆ సంవత్సరము అచ్చట స్టూడియో తెఱచెను. మూడవ నిజాము సికందరుజా పేర 1806లో ఏర్పడిన ఈ దండు దేశమునందలి పెద్ద దండులలో నొకటి. ఆయన కెమేరా పట్టిన 1874లోనే వాడినుండి సికింద్రాబాదునకు రైలు వచ్చియుండెను. సీమనుండి బొంబాయి రేవులో దిగిన గాజుపలకలు, మందులు పగులకుండ చేరుటకు ఆ రైలే దిక్కు. హుస్సేనుసాగరమునకు ఈవల దండులోని దొరలు. ఆవల నిజాముగారి నగరమున అమీరులు. ఇరువురికిని తమ రూపమును, తమ భవనములను, తమ వేటలను పటములుగా చూచుకొను కోరిక మెండు.

ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను అప్పటికి ఇరువదియేండ్లవాడు. దీనదయాళు ఆయన ఆస్థానములో ఛాయాచిత్రకారుడై, 1894 ప్రాంతమున రాజా బహద్దరు ముసవ్వర్ జంగ్ అను బిరుదము పొందెను. ముసవ్వరు అనగా చిత్రకారుడు. జంగు అనగా యుద్ధము. చిత్రవిద్యయందు యుద్ధవీరుడని తాత్పర్యము. కత్తి పట్టని వైశ్యునకు జంగు బిరుదమేమని నవ్వువారుందురు. ఈథరుతోను, ఎండతోను, దుమ్ముతోను ఆయన చేసిన పోరాటము తెలిసినవారు నవ్వరు. ఫలక్‌నుమా, బషీరుబాగు వంటి భవనములు నూతన శోభతో నుండినప్పటి రూపములు మనకు నేడు తెలియుట ఆ స్టూడియో పలకలవలననే.

పని పెరిగినకొలది ఒక్క చేతికి చాలలేదు. కుమారులు జ్ఞానచంద్, ధరమ్‌చంద్ ఇరువురును ఈ విద్యలోనే ఆరితేరిరి. పటములు తీయువారు, కడుగువారు, అచ్చువేయువారు, అట్టలకంటించువారు, రంగులు దిద్దువారు కలిసి యాభైమందికి పైగా పనిచేసిరని చెప్పుదురు. కావున దీనదయాళు పేరుగల ప్రతిపటమును ఆయన స్వహస్తముతో తీసెనని తలపరాదు. ఆ పేరు ఒక మనుష్యుని పేరే గాక ఒక పనితీరునకు పేరయ్యెను. ఆయన అచ్చుపటముల క్రింద నెగెటివు సంఖ్య వ్రాసియుండుట నేను గమనించితిని. లెక్కలవానికి ఇది కన్నులపండుగ. సంఖ్య వేసినచో ఏ పలక ఎప్పుడైనను వెదకి తీయవచ్చును, మరల అచ్చువేయవచ్చును, దానిలోని లోపము ఎవ్వరిదో పట్టవచ్చును.

స్త్రీల పటముల విషయమున ఆయన చేసిన యేర్పాటు ప్రత్యేకముగా చెప్పదగినది. ఘోషా పాటించు కుటుంబముల స్త్రీలు పరపురుషుని యెదుట కూర్చుండరు. కెమేరా వెనుక నల్లగుడ్డలో దాగియున్నను పురుషుడు పురుషుడే. 1892లో ఆయన హైదరాబాదున స్త్రీలకు వేరుగా జనానా స్టూడియో నెలకొల్పి, కెన్నీ లెవిక్ అను ఆంగ్లస్త్రీ యాజమాన్యమున నుంచెను. ఆ మందిరములోనికి పురుషులకు ప్రవేశము లేదు. అంతవరకు తమ రూపమును అద్దములో తప్ప ఎఱుగని తల్లులు, కూతుళ్లు తమ పటములను చేత పట్టుకొని చూచుకొనిరి. ఇది వ్యాపారపు తెలివియని కొట్టివేయవచ్చును. అయినను ఆ పనిలో కొంత మర్యాద యున్నది.

1893లో షికాగో నగరమున జరిగిన ప్రపంచప్రదర్శనములో ఆయన పటములు చూపబడినవి. మన స్వామి వివేకానందుడు సర్వమత సభలో ప్రసంగించినది ఆ ప్రదర్శన సందర్భముననే. 1896లో బొంబాయిలో ఇంకొక స్టూడియో తెఱచెను. 1897లో విక్టోరియారాణి తన ఛాయాచిత్రకారుడని అధికారపత్ర మిచ్చెను. ఈ గౌరవములన్నియు తేదీలు చెప్పి దాటిపోదగినవే.

దాటిపోరానివి వేరు. నిజాము రాజ్యమున ఔరంగాబాదు ప్రాంతమును 1899–1900లో కరవు పీడించినప్పుడు, సర్కారువారి కరవుపనులను ఆ స్టూడియోవారు పటములు తీసిరి. నగలు ధరించిన అమీరుల ముఖములలో నీడలు ఎట్లు పడవలెనో నేర్చిన చేతులు, రాళ్లు కొట్టు కూలీల వరుసలను, అన్నమునకై వేచిన గుంపులను పట్టవలసివచ్చెను. పని చూపుటకే సర్కారువారు తీయించిన పటములవి. ఏర్పాట్లు ఎంత చక్కగా నున్నవో పైవారికి తెలుపుటయే ఉద్దేశము. కాని లెన్సు ఉద్దేశమును మాత్రమే పట్టదు. యెదుటనున్న యెముకలను గూడ పట్టును.

1902 ఏప్రిలులో వైస్రాయి కర్జను భార్యాసమేతుడై వరంగల్లు ప్రాంతమున నెక్కొండ దగ్గర పులులవేటకు వచ్చెను. చచ్చిన పులితో వారిరువురు నిలిచిన దీనదయాళు స్టూడియోవారి పటము దేశదేశములకు ప్రాకెను. నెక్కొండ మన తెలుగు పల్లె; ఆ పేరు నేటికిని దూరదేశముల పుస్తకములలో ఆ పటము క్రింద అచ్చుపడుచున్నది. 1903లో ఢిల్లీలో జరిగిన దర్బారును ఆ స్టూడియోవారు పటములు తీసిరి. తండ్రి కీర్తికి ఇది శిఖరము.

శిఖరముమీద చిరకాలము నిలువలేదు. 1888లో అమెరికాలో ఈస్ట్‌మన్ అనునాతడు చుట్టఫిల్ముగల కోడక్ అను చిన్న కెమేరాను అమ్మకమునకు పెట్టియుండెను. గాజు లేదు, మందులు లేవు. పటములు తీసి కెమేరాతో సహా కంపెనీకి పంపినచో వారే కడిగి యిచ్చుచుండిరి. పలకలు చెడగొట్టి నేర్వవలసిన అవసరము లేని వినోదకారులు నానాటికి పెరుగసాగిరి. పెద్ద స్టూడియోలకు రాబడి తగ్గసాగెను. 1904లో కుమారుడు ధరమ్‌చంద్ గతించెను. మరుసటి సంవత్సరము, 1905 జూలై 5వ తేదీన, అరువదియొక్క సంవత్సరముల వయస్సున దీనదయాళు కన్నుమూసెను. కెమేరా పట్టిన దినమునుండి ముప్పదియొక్క సంవత్సరములు.

జ్ఞానచంద్ సికింద్రాబాదున స్టూడియోను నడపి 1919లో గతించెను. పిమ్మటి తరమువారు చేతనైనంత కాపాడిరి. గాజుపలక కాగితమువలె మడచి దాచుకొనదగినది కాదు. బరువు, స్థలము, చెమ్మ, ఎలుక, పొరపాటున జారు చేయి, అన్నియు దానికి శత్రువులే. అయినను మిగిలినవి మిగిలినవి. 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమువారు ఆ పలకలలో 2,857 సంపాదించి భద్రపరచిరి. 2006 నవంబరులో భారత తపాలాశాఖవారు ఆయన జ్ఞాపకార్థము ఒక తపాలాబిళ్ల వెలువరించిరి. దానిని మన తపాలాకచేరీలో కొన్నవారెవరైనను ఈ ఊర నున్నచో, గ్రంథాలయమునకు ఒకటి ఇచ్చినచో పటము కట్టించి బీరువాపై నుంచుదుము.